దిబ్బ మీద మట్టి

నల్లరాళ్ళపాలెం,
2024 ఏప్రిల్ 11.

పున్నయ్యకు మాణిక్యం అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. కనకదుర్గ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మేడ మీద ఇల్లు వద్దని మొదటే చెప్పాను, మీ ఆలుమగలు వినలేదు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు గొంతు నీదేనని తెలిసింది గాని ఏమన్నావో ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవి మిషన్ పెట్టుకుంటే ఈల మోగినట్టుంటుంది. తీసేస్తే బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. చల్లపల్లి పెళ్ళిలో ఎవరో పోయిన సంగతి చెబుతుంటే నేను నవ్వుతూ తల ఊపానట. ఆ తర్వాత నలుగురిలోకి వెళ్ళాలంటేనే భయం పట్టుకుంది. అందుకని నువ్వు ఫోన్ మానేసి రెండు ముక్కలు కాగితం మీద రాయి. చదువుకోవడానికి కళ్ళు బాగానే ఉన్నాయి.

ఇక అసలు సంగతి. కర్బనం కంపెనీ గురించి నీకు చెప్పాను గదా. మూడేళ్ళ కింద హేమసుందర్ అనే ఆఫీసరు వచ్చి, మెట్ట నేలల్లో కర్బనం నిలవ చేస్తే కంపెనీ డబ్బిస్తుందన్నాడు. దున్నకూడదు, కంది మోళ్ళు తగలబెట్టకూడదు, ఆకూ అలమూ చేలోనే పడి ఉండాలి, వానలకి ముందే నవధాన్యాలు చల్లాలి. ఊళ్ళో అందరూ నవ్వారు. మీ బావ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నాకు మటుకు ఆ మాటలు నచ్చాయి. పామర్రులో ముప్పావు ఎకరం అమ్మి ఇక్కడ పదెకరాలు కొన్న దగ్గర్నుంచి ఆయన ఈ ఎర్ర నేలకి ఏదో ఒకటి పెడుతూనే పోయాడు. నేనే తొమ్మిది ఇళ్ళు తిరిగి, పక్క చేను వెంకటప్పయ్యతో సహా అందర్నీ ఒప్పించాను.

ఇప్పుడు మూడేళ్ళయింది గనక మట్టి పరీక్ష చేస్తారట. మట్టి తీసే మిషన్ చెడిపోయిందని హేమసుందర్ సంచులిచ్చి మమ్మల్నే తీసి పెట్టమన్నాడు. అవన్నీ మీ ల్యాబుకే వస్తాయట. ఆ మాట వినగానే నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మన సంచి నంబరు పదిహేడు. రాళ్ళూ పుల్లలూ ఏరేసి మంచి మట్టి తీసి పెట్టాను. 

మట్టి అందగానే రాయి.

నీ అక్క,
మాణిక్యం.

*

సింగ్ నగర్, విజయవాడ,
2024 ఏప్రిల్ 26.

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం, మీ ఊరి సంచులూ ఒకే వారంలో వచ్చాయి. కనకదుర్గ మోకాళ్ళకి డాక్టరు మాత్రలు మార్చాడు. కాస్త నయమంటుంది గాని కూరగాయలకి కిందికి నన్నే పంపుతోంది. ఇక్కడ ఎండ మండిపోతోంది. బందరు రోడ్డు మీద మధ్యాహ్నం మనిషి కనపడటం లేదు.

అక్కయ్యా, నువ్వు సంచి నంబరు నాకు రాయకుండా ఉండాల్సింది. ఏ మట్టి ఎవరిదో పరీక్ష చేసేవాడికి తెలియకూడదని నియమం. అందుకే పేర్లు లేకుండా నంబర్లు వేస్తారు. రాసేశావు, ఇప్పుడు చేసేదేముంది.

పరీక్ష పెద్ద విద్య కాదు. మట్టిలో ఒక నారింజ రంగు ద్రావణం పోసి, దాని మీద ఆమ్లం పోస్తాం. మట్టిలో కర్బనం ఎక్కువ ఉన్నకొద్దీ ఆ రంగు ఆకుపచ్చకి తిరుగుతుంది. మెట్ట నేలల మట్టికి చాలావరకు నారింజ రంగు అలాగే ఉండిపోతుంది. పదిహేడు మటుకు పోసిన కాసేపటికే పచ్చగా తిరిగింది. మట్టి సగానికి తగ్గించి మళ్ళీ చేశాను. మూడేళ్ళ కిందటి లెక్కతో చూస్తే రెట్టింపు దాటింది. పదహారేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, మెట్ట చేలో అంత పెరగడం నేను చూడలేదు.

ఇంతకీ ఆ మట్టి ఎక్కడ తీశావు? ఆ సంగతి ఒక్కటి వెంటనే రాయి. రిపోర్టు ఇంకా పంపలేదు.

నీ తమ్ముడు,
బసవపున్నయ్య.

*

నల్లరాళ్ళపాలెం,
2024 మే 6.

పున్నయ్యా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. రెట్టింపు దాటిందన్న మాట దగ్గర వేలు పెట్టి వెంకటప్పయ్యకి చూపించాను. అతను చదవలేడు గాని ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి మళ్ళీ ఇచ్చాడు. ఈ మూడేళ్ళూ తన మేకల్ని చేలోకి రానివ్వలేదని నా మీద గునుస్తూ ఉండేవాడు. ఆ రోజు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్ళాడు.

మట్టి ఎక్కడ తీశానని అడిగావు. అదేం ప్రశ్న? ఎక్కడ తీయాలో నాకు తెలీదా? దిబ్బ మీదే తీశాను. ఉన్నదాంట్లో అదే మంచి మట్టి. రెండేళ్ళుగా గొర్రెల ఎరువంతా దానికే పెట్టాను.

నంబరు రాయకూడదని నాకు తెలియదు, మనసులో పెట్టుకోకు. ఏమైనా ఇప్పుడంతా నీ చేతిలోకి వచ్చింది గదా, ఇక నువ్వు చూసుకో. ఈ తొమ్మిది ఇళ్ళవాళ్ళూ నా మాట మీద ఉన్నారు.

ఇక్కడ బోరు నీళ్ళు సన్నగా వస్తున్నాయి. రెండు బిందెలు నిండేసరికి కూర్చున్నచోటే కునుకు పడుతోంది. చింతపండు కొట్టించాను, ఎవరైనా అటు వస్తే పంపుతాను. కనకదుర్గని నువ్వుల నూనెతో మర్దన చేసుకోమను.

అక్క.

*

విజయవాడ,
2024 మే 21.

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి వారం రోజులు పట్టింది.

నేను చూసుకోవలసింది సీసాలో రంగు, కాగితం మీద లెక్క. అంతకు మించి చూసుకోవడం నాకు చేతకాదు. అక్క అయినా, అమ్మ అయినా అంతే. ఈ వయసులో నాకు మిగిలింది ఆ పేరొక్కటే. నువ్వూ దాన్ని అర్థం చేసుకుంటావనుకుంటాను.

రాయవలసింది రాశాను. రిపోర్టు పంపేశాను. ఇక దీని గురించి మన ఇద్దరి మధ్యా మాట వద్దు. ఉత్తరాల్లో కూడా రాయకు.

కనకదుర్గ నిన్ను అడిగానని చెప్పమంది. చింతపండు పంపవద్దు, ఇంట్లో ఉంది.

బసవపున్నయ్య.

*

నల్లరాళ్ళపాలెం,
2024 జూన్ 12.

పున్నయ్యా,

నువ్వు వద్దన్నావు గనక ఆ సంగతి ఎత్తను. రాయవలసింది రాశానన్నావు, నాకు అది చాలు. నీ ఉద్యోగం నీది, నేను అర్థం చేసుకోగలను. ఎవరడిగినా “మా తమ్ముడు రాయాల్సింది రాశాడు” అని మటుకే చెబుతున్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడం లేదు.

మొన్న ఒక వాన పడింది. ప్రతి ఏడూ ఈ పాటికి ఊళ్ళో ట్రాక్టర్లు తిరిగేవి. ఈసారి తొమ్మిది మందిలో ఒక్కరూ నాగలి పెట్టలేదు. వెంకటప్పయ్య తన కొడుకుతో కూడా తగువు పెట్టుకున్నాడు. “ఆ అమ్మ తమ్ముడు రాసి పంపాడంట, ఈ ఒక్క ఏడూ ఆగరా” అన్నాడట. పక్కింటామె నాకు చెయ్యి తిప్పుతూ చెప్పింది.

దిబ్బ మీద జనుము మొలిచింది. కాలితో ఆకు పక్కకి తీస్తే కింద నేల చల్లగా ఉంది, వానపాములున్నాయి. ఇన్నేళ్ళలో మా చేలో నేను వానపాముని చూడటం ఇదే మొదలు. మీ బావ ఉంటే ఊరంతా పిలిచి చూపించేవాడు.

చింతపండు వద్దన్నావు గనక ఒంగోలు బస్సులో కందిపప్పు పంపాను. డ్రైవరు పేరు జాన్ పాల్, మనవాళ్ళకి తెలిసినవాడే. బస్టాండుకి వెళ్ళి తెచ్చుకో.

అక్క.

*

నల్లరాళ్ళపాలెం,
2024 ఆగస్టు 27.

పున్నయ్యా,

జూన్‌లో రాసిన ఉత్తరానికి నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కందిపప్పు అందిందో లేదో కూడా రాయలేదు. ఎందుకు రాయలేదో నిన్న తెలిసింది.

హేమసుందర్ వచ్చాడు. జీపు దిగి మా ఇంటికి రాలేదు, వెంకటప్పయ్య వాకిట్లో అందర్నీ పోగేశాడు. నన్ను పిలవలేదు. వెళ్ళేసరికి అందరూ నా వైపు చూశారు. ఏమన్నారో నాకు వినపడలేదు. హేమసుందర్ కూడా నా మొహం చూడలేక తన ఫోను నా చేతికిచ్చాడు. అందులో ఇంగ్లీషు కింద తెలుగులో ఉంది. “పదిహేడో నంబరు పొలం మట్టి కాదు. పెంటపోగు మట్టి అని అనుమానం.” కింద నీ సంతకం. ఒక సంచి దొంగదైతే ఆ ఊరు మొత్తాన్ని జాబితాలోంచి తీసేస్తారట. తీసేశారు.

నేను దిబ్బ అని రాశాను. ఈ ఊళ్ళో దిబ్బ అంటే ఎత్తు నేల. మన చేలో పైభాగం నాలుగెకరాలూ దిబ్బే. మూడేళ్ళ కింద కంపెనీవాళ్ళు మొదటిసారి మట్టి తీసిందీ అక్కడే. మన పామర్రులో పెంటపోగుని దిబ్బ అంటారన్న సంగతి నాకు గుర్తే రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇక్కడి మాట మాట్లాడుతున్నాను. గొర్రెల ఎరువన్నది రెండు వేసవులు ఆ చేలో మంద కట్టించిన సంగతి. రోజుకో చోటికి జరుపుతూ దిబ్బంతా తిప్పారు. ఊరంతా చూసింది.

నువ్వు ఎక్కడ తీశావని అడిగావు గాని, దొంగతనం చేశావా అని అడగలేదు. అలా అడిగి ఉంటే లేదని చెప్పేదాన్ని.

సగం మట్టి ల్యాబులో దాచి ఉంచుతారని హేమసుందర్ చెప్పాడు. దాన్ని మళ్ళీ చూడు. అది పెంటో, నేలో చెప్పలేవా? ఊళ్ళో ఇవాళ ఉదయం నుంచే ట్రాక్టర్లు దిగాయి. మోళ్ళు కుప్పలు వేసి తగలబెడుతున్నారు. వెంకటప్పయ్య నా ఎదురుగా వచ్చి తల పక్కకి తిప్పుకుని పోయాడు. నేను మటుకు దున్నించలేదు. నీ జవాబు కోసం ఆగుతాను.

మాణిక్యం.

*

మంగళగిరి,
2024 సెప్టెంబరు 9.

అక్కయ్యకు,

మేము ప్రాణాలతో ఉన్నామని ముందు రాస్తున్నాను. నువ్వు టీవీలో చూసే ఉంటావు. ఒకటో తారీకు ఆదివారం తెల్లారేసరికి బుడమేరు నీళ్ళు సింగ్ నగర్ మీద పడ్డాయి. పది గంటలకి కింద వాటా తలుపులు కనపడలేదు. మేడ మీద ఉండబట్టి బతికాం. నాలుగు రోజులు పాల ప్యాకెట్ల మీద, పైనుంచి జారవిడిచిన పులిహోర పొట్లాల మీద గడిపాం. చుట్టూ మెడలోతు నీళ్ళు, తాగడానికి సీసాడు లేవు. కనకదుర్గని పడవలోకి దించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మంగళగిరిలో వాళ్ళ చెల్లెలింట్లో ఉన్నాం. వాళ్ళ మగ్గాల గదిలోనే పడక. “వదినగారు కంగారు పడుతుంటారు, ఉత్తరం రాయండి” అని కనకదుర్గే కాగితం తెచ్చిచ్చింది. ఆగస్టు చివర్నుంచి మా వీధికి తపాలా లేదు. నువ్వేమైనా రాసి ఉంటే నాకు అందలేదు.

ల్యాబు నేల మట్టానే ఉంది గదా, ఆరు రోజులు నీళ్ళలోనే ఉండిపోయింది. నిన్న వెళ్ళి చూశాను. దాచి ఉంచిన మట్టి సంచులన్నీ బీరువాల్లోనే నానిపోయి, ఏ ఊరిదో తెలియకుండా ఒకే బురదగా కలిసిపోయాయి. చీపురుతో తోసి కాలవలో పోశారు.

నీ పదిహేడు కూడా అందులోనే పోయింది. ఇన్నాళ్ళూ నీకు రాయలేకపోయాను గాని, దాన్ని చూసినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమనేది. పోవడం ఒక విధంగా మంచిదే అనిపించింది. ఇక దాన్ని ఎవరూ తీసి చూడలేరు. నిన్ను ఎవరూ ఏమీ అనలేరు.

కందిపప్పు అందింది. అది కూడా నీళ్ళ పాలైంది.

నీ తమ్ముడు.

*

నల్లరాళ్ళపాలెం,
2024 సెప్టెంబరు 20.

పున్నయ్యకు,

మీరిద్దరూ క్షేమంగా ఉన్నారు, అది చాలు. ఆ నాలుగు రోజులూ టీవీలో నీళ్ళే చూపించారు. పడవల్లో ఎక్కించే మనుషుల మొహాలు వెతుక్కుంటూ కూర్చున్నాను.

నా సంచి పోవడం మంచిదే అన్నావు. నేను రాసింది అందలేదన్నావు. అందలేదో, అందనట్టు ఉండటమే నయమనుకున్నావో నాకు తెలియదు. మంగళగిరి చిరునామాకి మళ్ళీ అంతా రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇక్కడ వానలు లేవు. కనకదుర్గని జాగ్రత్తగా చూసుకో.

మాణిక్యం.

*

విజయవాడ,
2024 అక్టోబరు 5.

అక్కయ్యా,

నిన్న సింగ్ నగర్ ఇల్లు కడుక్కోవడానికి వచ్చాం. పోస్టుమేను నీ ఆగస్టు ఉత్తరం తెచ్చిచ్చాడు. తడిసి ఆరింది. బాల్ పెన్నుతో రాశావు గనక అక్షరాలు నిలిచాయి. మెట్ల మీద కూర్చుని చదివాను. కనకదుర్గ పైనుంచి పిలుస్తూనే ఉంది, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

నాది తప్పు. దిబ్బ అన్న మాట చూడగానే మన ఇంటి వెనక పేడ వేసే దిబ్బే కళ్ళకి కట్టింది. ఎత్తు నేల తట్టలేదు. నువ్వు చూసుకోమంటే లెక్క మార్చమంటున్నావనుకున్నాను. పెంటపోగు మట్టిలో ఉప్పు ఎక్కువ ఉంటుంది. ఒక్క అరగంట పరీక్ష చేస్తే తేలిపోయేది. సంచి బీరువాలో నాలుగు నెలలు నా ఎదురుగానే ఉంది. చేయలేదు. నీ ఉత్తరమే సాక్ష్యం అనుకున్నాను. పరాయివాళ్ళ మట్టి అయితే చేసేవాణ్ణి. అక్క మట్టి గనక గట్టిగా ఉన్నాననిపించుకోవాలని తొందరపడ్డాను.

ఇవాళ కంపెనీ ఆఫీసుకి వెళ్ళి తప్పు నాదని రాసిచ్చాను. సంచి అక్కదని తెలిసీ పరీక్ష చేశానన్న సంగతీ రాశాను. ల్యాబులో ఇక నాకు పని ఉండకపోవచ్చు, దాని గురించి నువ్వు ఆలోచించకు. కంపెనీవాళ్ళు మొదట కుదరదన్నారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. చివరికి ఒక్క మాటకి ఒప్పుకున్నారు. మిగతా తొమ్మిది మందీ దున్నేశారు గనక వాళ్ళకి దారి లేదట. నీ దిబ్బ మటుకు దున్నకుండా ఉంటే నవంబరు మొదటి వారంలో హేమసుందర్ వచ్చి తన చేత్తో మట్టి తీస్తాడు. అది నిలబడితే ఊరి మీద మచ్చ తీసేసి, వాళ్ళకి కూడా మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఇస్తారు.

కాబట్టి అక్కయ్యా, దున్నించకు. ఎవరు చెప్పినా నాగలి పెట్టనివ్వకు. ఇది స్పీడు పోస్టులో వేస్తున్నాను. ఫోన్ కూడా చేశాను, నువ్వు తీసి “ఎవరూ, ఎవరూ” అని పెట్టేశావు. హేమసుందర్‌కి చేస్తే సెలవు మీద ఊరెళ్ళాడన్నారు.

పున్నయ్య.

*

నల్లరాళ్ళపాలెం,
2024 అక్టోబరు 22.

పున్నయ్యా,

నీ ఉత్తరం పద్నాలుగో తారీకున వచ్చింది. దసరా సెలవుల్లో కనిగిరిలోనే ఆగిపోయిందట. దిబ్బ పన్నెండున దున్నించాను.

ఎందుకు దున్నించానో చెబుతాను. నువ్వు ఏమీ రాయవనుకున్నాను. వెంకటప్పయ్య ఆగస్టు తర్వాత మొదటిసారి మా వాకిట్లోకి వచ్చాడు. నేను వాళ్ళందర్నీ ముంచి నాది మటుకు కాపాడుకుంటున్నానని ఊళ్ళో అనుకుంటున్నారట. నాకు అర్థమయ్యేలా నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పాడు. “అమ్మా, ట్రాక్టరు ఊళ్ళోనే ఉంది. మళ్ళీ రాదు. ఉలవలన్నా చల్లుకో. మాతో పాటే ఉండు.” మాతో పాటే అన్న మాట దగ్గర నా మనసు ఆగలేదు. సరేనన్నాను.

ట్రాక్టరు తిరుగుతుంటే గట్టు మీద నిలబడ్డాను. పైన ఎర్రగా ఉన్న చేను కింద నల్లగా తిరగబడింది. మూడేళ్ళ ఆకు, ఎరువు, మీ బావ వేసిన చెరువు మట్టి, అన్నీ పైకి వచ్చాయి. పచ్చి వాసన వేసింది. డ్రైవరు దిగి పిడికెడు తీసి నలిపి చూసి, ఇంత మంచి నేలని ఇన్నాళ్ళూ ఎందుకమ్మా దున్నకుండా పడావు పెట్టావని అడిగాడు.

నీ ఉత్తరం చదివిన రోజున మళ్ళీ చేలోకి వెళ్ళాను. కాళ్ళతో చదును చేస్తే దున్ననట్టు కనపడుతుందేమోనని కూడా అనిపించింది. నాలుగెకరాలు. ఒక చాలు పొడవునా తొక్కి ఆగిపోయాను.

పదహారున వాన పడింది. ఏడాదంతా రాని వాన ఒక్క పూటలో వచ్చింది. దిబ్బ గదా, పల్లానికి నీళ్ళు పరుగెత్తాయి. దున్నకుండా ఉంటే ఆ ఆకు కింద ఇంకిపోయేవి. గొడుగు పట్టుకుని వెళ్ళేసరికి వాగు నిండా మన మట్టే పోతోంది. వాగు నల్లగా పారడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదట. ఉలవలు కూడా కొట్టుకుపోయాయి. ఇప్పుడు దిబ్బ మీద గులకరాళ్ళు తేలాయి.

హేమసుందర్‌ని రావద్దని చెప్పు. అసలు ఎంత పెరిగిందో, నువ్వు లెక్క కట్టింది నిజమో కాదో, ఇక ఎవరికీ తెలియదు.

నీ ఉద్యోగం ఏమైంది?

అక్క.

*

పామర్రు,
2024 డిసెంబరు 10.

అక్కయ్యకు,

నీ ఉత్తరానికి జవాబు ఇన్నాళ్ళకి రాస్తున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ల్యాబు పని పోయింది. బాబాయి కొడుకు కాశీరావు దగ్గర ధాన్యం కాటా చూసుకుంటూ పామర్రులోనే ఉంటున్నాను. కనకదుర్గ కూడా వచ్చేసింది, ఇక్కడ మెట్లు లేవు. ఒక్కొక్కసారి రైతులు తెచ్చిన ధాన్యానికి అంటిన మట్టిని వేళ్ళతో నలుపుతూ కూర్చుంటాను. కాశీరావు నవ్వుతాడు.

ఇక్కడ కోతలన్నీ మిషన్లతోనే. మిషన్ వెళ్ళిపోయాక గడ్డి చేలంతా పరుచుకుని ఉంటుంది. మినుములు చల్లే తొందరలో ఎవరూ మోపులు కట్టరు, అగ్గిపుల్ల గీసేస్తారు. గుడివాడ రోడ్డు మీద సాయంత్రం కళ్ళు మండిపోతున్నాయి. అదంతా చూస్తుంటే నాకు నీ దిబ్బే గుర్తొచ్చింది. కాశీరావు చేలో గడ్డి కాల్చనివ్వకుండా మిషన్‌తో మోపులు కట్టించాను. రేపు లారీ బయల్దేరుతుంది. మోపులు విప్పి దిబ్బ మీద మందంగా పరిపించు. ఇక ఈ ఏడు ఏ వానా దాన్ని కోయలేదు. ఎండకి మట్టి మాడదు. కుళ్ళితే రెండేళ్ళకి కొంతైనా తిరిగి వస్తుంది. కంపెనీ కోసం కాదు, ఊరికే. చేసిన దానికి ఇది సరిపోతుందని నేను అనుకోవడం లేదు.

లారీ వాడికి ఏమీ ఇవ్వకు, ఇక్కడే ఇచ్చాను.

పున్నయ్య.

*

నల్లరాళ్ళపాలెం,
2024 డిసెంబరు 28.

పున్నయ్యా,

లారీ పదమూడున వచ్చింది. సందులోకి రాక రోడ్డు మీదే ఆగింది. పామర్రు గడ్డి చూసి ఎన్నాళ్ళయిందో. ఒక మోపు విప్పి మొహం దగ్గర పెట్టుకున్నాను. నవ్వుకున్నా ఫరవాలేదు, మన చేలోకి వెళ్ళినట్టే అనిపించింది.

దిబ్బ మీద పరుద్దామనే ఇద్దరు కూలీలని పిలిచాను. మోపులు దించుతుంటే వెంకటప్పయ్య బర్రె వచ్చి లారీ వెనక నిలబడింది. డొక్కలు లోపలికి పోయాయి. ఆ వానకి ఎవరి చేలోనూ ఏమీ మిగల్లేదు. మోళ్ళు కాల్చేశారు గనక మేతకి పుల్ల కూడా లేదు. పక్క ఊరి సంతలో పశువుల్ని తోలుకుపోయేవాళ్ళే గాని కొనేవాళ్ళు లేరట. కూలీ దాన్ని కర్రతో అదిలించాడు. అది కదల్లేదు, మోపులోంచి నోటికందినంత లాక్కుని నములుతూ అక్కడే నిలబడింది.

నేను ఆ మోపు దాని ముందు పడేశాను. ఇంకొకటి వేశాను. ఎవరు చెప్పారో తెలియదు, కాసేపటికి తాళ్ళు పట్టుకుని మనుషులు వచ్చారు. ఆగస్టు నుంచీ నాతో మాట్లాడనివాళ్ళు కూడా వచ్చారు. ఎవరూ నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు. చీకటి పడకముందే లారీ ఖాళీ అయింది. దిబ్బ మీదికి ఒక్క పరక వెళ్ళలేదు. పశువు ముందు నుంచి లాగి నేలకి పరచడం నా వల్ల కాలేదు. నువ్వు ఇక్కడ ఉన్నా నీ వల్లా అయ్యేది కాదు.

దిబ్బ అలాగే ఉంది. గాలి లేచినప్పుడు దుమ్ము ఇంట్లోకి వస్తుంది. రోజుకి రెండుసార్లు ఊడుస్తున్నాను.

నిన్న వెంకటప్పయ్య వచ్చాడు. గడ్డి ఎవరు పంపారని అడిగాడు. మా తమ్ముడని చెప్పాను. ఆ తమ్ముడేనా అన్నట్టు చూశాడు. అవునని తల ఊపాను. అరుగు మీద కూర్చున్నాడు. లేచేటప్పుడు, “పది రోజుల్లో అయిపోద్దమ్మా. మళ్ళీ పంపగలడేమో అడుగు” అన్నాడు. నేను అడగనన్నాను. అతను వెళ్ళిపోయాడు. రాత్రి అన్నం సయించలేదు.

అందుకని అడుగుతున్నాను. ఇంకో లారీ గడ్డి పంపు. పశువులకి. ఇందులో నువ్వు వేరే అర్థం తీసుకునే మాట ఏదీ లేదు, రెండుసార్లు చదివి చూసుకున్నాను. దిబ్బ సంగతి ఇక రాయకు.

అక్క.